తేనెగొంతుకు సంతాపం

ఆ ఉదయం డైరెక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి స్టూడియోలో కూర్చుని, తమ పాత పాటల రేడియో చరిత్రను స్వయంగా తన గొంతుతో చదవాలి. ఊరంతా ముక్కున వేలేసుకోవాలి. మామగారు ఇంట్లో పడక్కుర్చీలో వాలి విని, అల్లుడంటే ఇలా ఉండాలి అనుకోవాలి. మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చి, భోంచేసి, కాసేపు నడుం వాల్చాలి.

ఆ స్టేషను మామగారిది. ఆయన కూతుర్ని చేసుకోవడం తప్ప ఆ కుర్చీలో కూర్చోడానికి డైరెక్టరుగారికి మరో అర్హత లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఈమధ్య మామగారు స్టేషను మూసేసి ఆ మేడను బట్టలకొట్టుకు అద్దెకిచ్చే ఆలోచనలో పడ్డారు. వినేవాళ్ళు తగ్గిపోయారు. మిగిలినవాళ్ళలో చాలామందికి వినికిడి తగ్గిపోయింది. అందుకే ఈ చరిత్ర. చరిత్ర ఉన్నదాన్ని మూసెయ్యడానికి ఎవరికీ చేతులు రావని డైరెక్టరుగారి గట్టి నమ్మకం.

దాన్ని రాయడానికి ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే శైలి చెడిపోతుందని భయం. "సంగీతమే ఊపిరిగా బతికిన ఒక మహానుభావుడు, పాత పాటలు కనుమరుగవుతున్నాయని కంటతడి పెట్టి ఈ స్టేషను స్థాపించారు" అని మొదలుపెట్టారు. ఆ మహానుభావుడు మామగారే. పాటకీ, కుక్కరు కూతకీ తేడా చెప్పమంటే ఆలోచించుకోడానికి టైము అడిగే మనిషి.

కాఫీ ఇస్తూ భార్య ఆ కాగితాలు చదివి పెదవి విరిచింది. "ఎక్కడా ఏడుపు రాలేదండీ. చరిత్రన్నాక ఓ చోటన్నా గొంతు పట్టెయ్యాలి కదా. పోయినవాళ్ళెవరూ లేరా మీ స్టేషన్లో?"

"ఎందుకుండరు? వెతికితే ఎవరో ఒకరు పోయే ఉంటారు" అన్నారు డైరెక్టరుగారు, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ.

స్టేషనుకు వెళ్ళగానే ఇంజినీరును పట్టుకున్నారు. ఈ ఇంజినీరు ఎప్పుడూ పళ్ళ మధ్య ఒక స్క్రూ కరిచి పట్టుకుని ఉంటాడు. దాన్ని తీస్తే తప్ప వాక్యం పూర్తి కాదు.

"మొదట్లో ఒక అనౌన్సరుండేది కదయ్యా. తేనెగొంతు అనేవాళ్ళు. ఆవిడ పోయిందా?"

"పోయారండీ. ఎప్పుడో పోయారు" అన్నాడు ఇంజినీరు స్క్రూ సందులోంచి. తర్వాత దాన్ని తీసి, "ఆ వెనక వీధిలో సొంతిల్లు కట్టుకుని అక్కడికి..." అనేలోపు డైరెక్టరుగారు స్టూడియోలోకి దూరి తలుపేసుకున్నారు.

తొమ్మిదింటికి చరిత్ర మొదలైంది. మహానుభావుడి కంటతడి అయ్యాక తేనెగొంతు దగ్గరికి వచ్చేసరికి డైరెక్టరుగారికి పూనకం వచ్చినంత పనైంది. కాగితం మీద లేనివన్నీ తోసుకొచ్చాయి. ఆవిడ ఆఖరి క్షణాల్లో కూడా తలగడ పక్కన మన రేడియోనే మోగిందన్నారు. రేడియో ఆగేలోపు ఊపిరి ఆగిందన్నారు. "ఆ మహాతల్లి ఆత్మశాంతి కోసం ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం" అని తల వంచారు. పక్కనున్న అనౌన్సరమ్మాయి కూడా లేచి నిలబడింది.

ఆ స్టేషన్లో ఒక యంత్రం ఉంది. ప్రసారంలో కాసేపు ఏ చప్పుడూ లేకపోతే, ఏదో చెడిపోయిందనుకుని దానంతటదే ఒక పాట అందుకుంటుంది. డైరెక్టరుగారికి దాని గురించి తెలియదు. ఆయనున్న చోట నిశ్శబ్దానికి ఇంతవరకూ అవకాశం రాలేదు. తలలు వంచి నిలబడ్డ ఊరంతటికీ హఠాత్తుగా ఒక పెద్ద ఎక్కిలి వినిపించింది. వెంటనే తాగుబోతు పాట. సీసా మీద గరిటెతో దరువు, నడిమధ్యలో పకపక నవ్వు.

ఏదో పొరపాటు జరిగిందని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. కానీ పొరపాటు ఒప్పుకోవడం ఆయన వంశంలో లేదు. పాట పూర్తయ్యేదాకా ఆగి, బొంగురుపోయిన గొంతుతో, "ఇది ఆవిడకు ప్రాణమైన పాట. తన తర్వాత దీన్నే వెయ్యమని ఆఖరి కోరిక కోరారు" అన్నారు.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. ఆవిడకు తాగే అలవాటుందా అని ఒకరు అడిగారు. ఉన్నా మంచి మనిషేనని ఇంకొకరు సర్టిఫికెట్ ఇచ్చారు. శ్రోతల సంఘం అధ్యక్షుడు పూలగుత్తి కొన్నాననీ, ఎవరింటికి పంపాలో చెప్పమనీ అడిగాడు. అందరి తర్వాత మామగారు.

"మొట్టమొదట నా దగ్గర చేరిన మనిషయ్యా ఆవిడ. పోతే నాకొక్క మాట చెప్పాలని తోచలేదా ఎవరికీ? సాయంత్రం మేడమీద సంతాపసభ పెట్టు. జరిగేది జరుగుతున్నట్టే రేడియోలో అందరికీ వినపడాలి. నేనొస్తున్నా." ఆయన గొంతులో నిజంగానే తడి ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మామగారు తన కార్యక్రమం వినడం అదే మొదలని అల్లుడుగారి ఛాతీ పొంగింది.

ఆ పొంగు ఇంకా దిగకుండానే అనౌన్సరమ్మాయి తెల్లబోయిన మొహంతో వచ్చింది. "సార్, ఎవరో పెద్దావిడ ఫోనండీ. 'అమ్మాయ్, నేను పోయానట కదా, ఎప్పుడు పోయానో కాస్త కనుక్కుని చెప్తావా, వీధిలో అందరూ అడుగుతున్నారు' అంటున్నారు."

డైరెక్టరుగారు పరుగున వెళ్ళి ఇంజినీరును నిలదీశారు. అతను స్క్రూ తీసి, తాపీగా, పొద్దున మిగిలిపోయిన సగం వాక్యం అప్పజెప్పాడు. "అక్కడికి పోయారని చెప్పబోయానండీ. మీరు తలుపేసుకున్నారు."

అప్పుడైనా బుద్ధున్నవాడు మైకు ముందు కూర్చుని లెంపలేసుకుంటాడు. మామగారి గొంతులోని ఆ తడి గుర్తొచ్చి డైరెక్టరుగారు ఆ పని చెయ్యలేకపోయారు. "ఈ ఒక్క సాయంత్రం గడవనీ అమ్మాయ్. రేపు మెల్లగా బతికిద్దాం" అన్నారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మళ్ళీ మైకు ముందు కూర్చుని శ్రోతలకు ఒక హెచ్చరిక చేశారు: "స్వర్గస్థురాలైన మన తేనెగొంతును అనుకరిస్తూ ఎవరో సంస్కారం లేని వ్యక్తి ఫోన్లు చేస్తున్నారు. దయచేసి నమ్మకండి."

సాయంత్రానికి మేడమీద హాలు నిండిపోయింది. ఆవిడ ఫొటో ఒక్కటీ దొరక్క, ఒక పాత మైకును బల్లమీద పెట్టి దానికి పూలదండ వేశారు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఒక పెద్దావిడను ఆపాడు. ముడుతలు పోయేలా ఇస్త్రీ చేసిన చీర, చేతిలో సంచీ, నిటారైన నడుము.

"లోపల సంతాపసభ అమ్మా. పోయినావిడకి మీరేమవుతారు?"

"చాలా దగ్గరిదాన్ని నాయనా."

"అయితే ముందు వరసలో కూర్చోండి."

ఆవిడ ముందు వరసలోనే కూర్చున్నారు. ఊరికి ఆవిడ గొంతు తెలుసు గాని మొహం తెలియదు. తెలిసిన మామగారు, కళ్ళు తుడుచుకోడానికి అడ్డమని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. అది లేకపోతే ఆయనకు ఎదుటి మనిషి మబ్బు తునకలా కనిపిస్తాడు.

శ్రోతల సంఘం అధ్యక్షుడు, పోయినావిడ తనను సొంత తమ్ముడికన్నా ఎక్కువగా చూసేవారని వెక్కాడు. ముందు వరసలోని పెద్దావిడ ఆ కొత్త తమ్ముణ్ణి ఆసక్తిగా ఎగాదిగా చూశారు. తర్వాత డైరెక్టరుగారు ఆఖరి క్షణాలను పొద్దుటికన్నా పొడవుగా వర్ణించారు. ఈసారి ఆ క్షణాల్లో ఆయన కూడా పక్కనే ఉన్నారు. ముగిస్తూ, "ఆవిడతో అనుబంధం ఉన్నవాళ్ళెవరైనా రెండు మాటలు చెప్పొచ్చు" అన్నారు.

పెద్దావిడ లేచి వచ్చి మైకు అందుకున్నారు.

"నమస్కారం. నేను పోలేదు. వెనక వీధిలో ఉంటున్నాను."

మూడు చిన్న మాటలే. కానీ ఆ గొంతు వినగానే హాల్లో కుర్చీలు కిర్రుమనడం ఆగిపోయింది. మామగారు జేబులో కళ్ళజోడు కోసం తడుముకున్నారు. డైరెక్టరుగారు తేలు కుట్టిన దొంగలా నిలబడి, ప్రసారం ఆపమని ఇంజినీరుకు చేత్తో సైగ చేశారు. గొంతు పెంచమంటున్నారనుకుని అతను ఇంకాస్త పెంచాడు.

"పొద్దున్నుంచి మా వీధిలో నేను నేనేనని నమ్మించలేక చస్తున్నాను. కూరగాయలమ్మి నన్ను ముట్టుకుని చూసింది. మా కోడలు ప్రయాణం పెట్టుకుని ఏడుస్తూ వచ్చి, తలుపు తీసిన నన్ను చూసి పడిపోయింది. సరే, అదలా ఉంచండి. ఆ చరిత్ర సంగతి చూద్దాం. పాత పాటల మీద ప్రేమతో పెట్టారట ఈ స్టేషను. అయ్యగారూ, తమరికి కంటతడి ఎప్పుడొచ్చిందండీ? తమరిది రేడియోల కొట్టు. ఊళ్ళో వినడానికి ఏమీ రాదని జనం రేడియోలు కొనేవాళ్ళు కాదు. అందుకని కొట్టు మీద మేడలో ఇది పెట్టారు. ఒక బీరువా నిండా రికార్డులు తెచ్చారు. అవన్నీ అప్పటికి కొత్త పాటలే. ఆ తర్వాత మళ్ళీ తేలేదు. నేనూ వాటినే తిప్పి తిప్పి వేశాను. మా కళ్ళముందే అవి పాతబడ్డాయి. ఒకరోజు ఎవరో పెద్దమనిషి వచ్చి, ఈ రోజుల్లో కూడా పాత పాటలే వేస్తున్నారు, ఏం అభిరుచండీ అన్నాడు. మాకు అభిరుచి ఉందని ఆ రోజే తెలిసింది."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా.

"ఇక ఆ తాగుబోతు పాట. నేనున్నన్నాళ్ళూ దాన్ని ఒక్కసారి కూడా వెయ్యలేదు. నేను పోయానని తెలియగానే వేశారు. ఇంత తొందరెందుకో నాకు అర్థం కాలేదు."

సభ ముగిసేసరికి కింద ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి. డైరెక్టరుగారు గది తాళంచెవి పట్టుకుని మామగారి దగ్గరికి వెళ్ళారు. మొహంలో కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు. "రేపట్నించి నేను రానండీ" అన్నారు.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని అల్లుణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "ఊరంతా ఫోన్లు చేసి ఇలాంటిది మళ్ళీ ఎప్పుడని అడుగుతుంటే నువ్వు రానంటావేంటి? ఆవిడ వస్తానన్నారు. కానీ ఒక షరతు పెట్టారు."

షరతు పక్కనుంచే వినిపించింది. "ఈయన్ని మాత్రం తీసెయ్యకండి అయ్యగారూ. దిద్దడానికి నాకు తప్పులుండాలి కదా. ఇంత ధీమాగా తప్పు చెప్పే మనిషి వెతికినా దొరకడు."

అలా మొదలైంది ఆ కార్యక్రమం. వారానికోసారి డైరెక్టరుగారు స్టేషను చరిత్రలో ఒక ఘట్టం చదువుతారు. తేనెగొంతు దాన్ని ముక్కలు ముక్కలుగా ఉతికి ఆరేస్తారు. ఆ సమయానికి ఊళ్ళో దుకాణాల్లో బేరాలు ఆగిపోతాయి. బట్టలకొట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తన ఉపన్యాసాల కోసమే జనం చెవి కోసుకుంటున్నారని డైరెక్టరుగారు భార్యతో చెప్పుకున్నారు. ఆవిడ కాదనలేదు.

అయితే ఒకసారి, కూరగాయల దగ్గర ఎవరో తనను చూసి నవ్వారని ఆయనకు రోషం వచ్చింది. ఆ వారమంతా తిండి మానేసి తిరిగారు. ఇంజినీరు చేత స్క్రూ తీయించి మరీ పూర్తి వాక్యాలు విన్నారు. రికార్డుల బీరువా స్వయంగా తెరిచి చూశారు. చివరికి మైకు ముందు కూర్చుని ఒక్క అబద్ధం కూడా లేకుండా చదివారు. తేనెగొంతు ప్రతి మాటకీ "అవును" అనడం తప్ప చెయ్యగలిగింది లేకపోయింది. కార్యక్రమం సగంలోనే అయిపోయింది. జనం ఫోన్లు చేసి తిట్టారు.

మర్నాడు మామగారు ఇంటికి పిలిపించుకుని, ఉద్యోగమంటే అంత నిర్లక్ష్యం పనికిరాదని మందలించారు.