వింటున్నాం, కారనివ్వండి

పోట్లాటలు మానేస్తే మనుషులు బాగుపడతారని నేను బల్ల గుద్ది చెప్పగలను. నమ్మకం లేకపోతే మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి చూడండి. గొడుగు మాత్రం తెచ్చుకోండి!

ఒకప్పుడు మా వాళ్ల నోళ్లకి అదుపూ ఆజ్ఞా ఉండేవి కావు. చెప్పుల స్టాండు ఒక్కరవ్వ జరిగితే చాలు, ఇంటిల్లిపాదీ మెట్ల మీదికొచ్చేవారు. మోటారు చెడిపోతే సెక్రటరీ గారి తలుపు బాదేవాళ్లం. ఆయన గొణుక్కుంటూ వెళ్లి, అప్పటికప్పుడు బాగు చేయించేవాడు. ఛీ, ఏం బతుకులండీ అవి!

విసిగిపోయిన సెక్రటరీ గారు కరుణతో మాట్లాడటం నేర్పే క్లాసులు పెట్టించారు. టీచరమ్మ మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో ఒక దిండు పెట్టింది. దిండు ఎవరి ఒళ్లో ఉంటే వాళ్లే మాట్లాడాలి. తప్పులెన్నకుండా తమ మనసులో బాధ మాత్రమే చెప్పుకోవాలి. విన్నవాళ్లు ఆ మాటనే తిరిగి అప్పజెప్పి "అంతేనా?" అనాలి. అవతలివాళ్లు "అంతే" అన్నాక "మనసు విప్పి చెప్పినందుకు థాంక్స్" అనాలి. గొడవ సమాప్తం. ఎంత సుఖం!

ఫలితం వెంటనే కనిపించింది. ట్యాంకు పైపు పగిలిందని వాచ్‌మన్ క్లాసు మధ్యలోకి పరుగెత్తుకొచ్చాడు. దిండు అతని దగ్గర లేదు కదా, ఆగమన్నాం. వరసలో దిండు అతని చేతికొచ్చేసరికి ట్యాంకు ఖాళీ. "నీళ్లు పోతున్నాయని నీకు కంగారుగా ఉంది, అంతేనా?" అని అందరం ఒక్క గొంతుతో అడిగాం. పాపం, అతని కళ్లు చెమర్చాయి. ఆ పూట బిల్డింగు మొత్తానికి ఉన్న తడి అదొక్కటే.

ఇక మా ఇంటి సంగతి. మా అత్తగారి గదికి సరిగ్గా పైన ఆడిటర్ గారి బాత్రూం. అందులోంచి నీళ్లు కారి ఆవిడ మంచం మీద పడుతున్నాయి. అగ్గిపెట్టెంత గది, మంచం జరిపితే తలుపు తెరుచుకోదు. వెనకటి రోజులైతే పైకెళ్లి నాలుగు కేకలేసేవాణ్ణి. ఇప్పుడు చదువుకున్నవాణ్ణి కదా!

"ఆడిటర్ గారూ, మా పైకప్పు తడిసినప్పుడల్లా నాకు దిగులుగా ఉంటోందండీ," అన్నాను గుండె మీద చెయ్యేసుకుని.

"పైకప్పు తడిసి మీకు దిగులుగా ఉంది. అంతేనా అండీ?"

"అంతేనండీ."

"మనసు విప్పి చెప్పారు. చాలా థాంక్సండీ." చప్పుడు కాకుండా తలుపేసుకున్నాడు.

వారం వారం వెళ్లాను. నా దిగులు ఆయనకి కంఠతా వచ్చేసింది. ఓసారి నేను నోరు తెరవకముందే తనే అప్పజెప్పేశాడు. ఇంతలా అర్థం చేసుకునే పొరుగువాడు మీకెవరికైనా దొరికాడా?

ఓ రోజు తెల్లారేసరికి, నీళ్లు కారేచోట మంచం మీద పెట్టిన బకెట్ నిండిపోయి, అత్తగారు తడి దుప్పటిలో వణుకుతూ కూర్చుని ఉన్నారు. "అత్తయ్యా, మీకు తడిగా అనిపిస్తోందా?" అన్నాను ఎంతో ప్రేమగా.

"అనిపించడమేంటి బాబూ, తడిసిపోయాను!"

"మీరు తడిసిపోయారు. అంతేనా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, దుప్పటి భుజాన వేసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ పైకెక్కారు. తలుపు తీసిన ఆడిటర్ చేతుల్లో దుప్పటి కుక్కి, బిల్డింగు అదిరిపోయేలా అరిచారు. "ముసలిదాన్ని ఎన్నాళ్లు నానబెడతావయ్యా?"

ఆయనా తగ్గలేదు. "మీ అల్లుడు పైకప్పు అన్నాడు, దిగులన్నాడు! కింద పెద్దావిడ పడుకుంటారని ఒక్కసారైనా చెప్పి చచ్చాడా?"

అంటూనే లోపలికి పరుగెత్తి నీళ్లు కట్టేశాడు. ప్లంబర్‌ని తనే వెంటబెట్టుకొచ్చి, సాయంత్రానికల్లా పని పూర్తి చేయించాడు. అత్తగారి పరుపు తన బాల్కనీలో ఎండబెట్టించాడు కూడా. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

కానీ క్లాసు ఊరుకుంటుందా? కేకలేసినందుకు ఆవిణ్ణి పిలిపించి ఒళ్లో దిండు పెట్టారు. "అలా అరిచినప్పుడు మీకేమనిపించిందమ్మా?" అని టీచరమ్మ మెత్తగా అడిగింది.

"ఏమనిపిస్తుంది తల్లీ? ఆ రాత్రి పొడి పక్క మీద పడుకున్నాను," అన్నారావిడ. "అలా అరవడం నేర్పే క్లాసు ఎక్కడన్నా ఉంటే చెప్పు. మా అల్లుణ్ణి చేర్పిస్తాను."