సున్నాల పటం

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురిసేలా లేదు, తెరిపి ఇచ్చేలానూ లేదు. మనవరాలు దాన్ని చూడలేదు. మధ్యాహ్నం పన్నెండులోపు విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పంపాలి. డిజిటల్ హ్యుమానిటీస్‌లో రెండేళ్ళ ఫెలోషిప్ అది. పాత కాగితాలను కంప్యూటర్‌కెక్కించి, వాటిలోంచి మనుషుల సంగతులు రాబట్టే పని. డాక్టరేటు వచ్చి మూడేళ్ళు దాటనివాళ్ళకే ఇస్తారు. ఆమెకు ఈ నెలాఖరుతో మూడేళ్ళు నిండుతాయి. మళ్ళీ అడిగే వీలు లేదు.

కాగితాలు తాతయ్యవి. ఆయన ముప్పై ఏళ్ళు గడియారాలు బాగుచేశాడు. ఆ దుకాణం పుస్తకాలు పద్నాలుగు. తేదీ, మనిషి, గడియారం రకం. అంతకు మించి ఒక్క మాట ఉండదు. మనవరాలు ఏడాదిపాటు కూర్చుని అన్నీ ఎక్కించింది. ఎవరి పేరు ఎన్నిసార్లు వస్తే వారికి అంత పెద్ద సున్నా చుట్టి ఒక పటం తయారుచేసింది. దానికి 'ఒక చేతిపనివాడి స్నేహాలు' అని పేరు పెట్టింది. ఇక మిగిలింది సొంతదారుగా తాతయ్య అనుమతి సంతకం. కాఫీ తాగేలోపు అయిపోతుందనుకుంది.

పటం ముద్రించి భోజనాల బల్ల మీద పెట్టి, అనుమతి పత్రం కోసం లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని దాని మీదికి వంగి ఉంది.

"మధ్యలో పళ్ళెమంత సున్నా ఎవరిదే?"

"టీచరమ్మది. రెండు వందల పన్నెండు సార్లు."

"నేనెక్కడున్నాను?"

మనవరాలు ఒక మూలకు వేలు పెట్టింది. ఆవగింజంత ఉంది. "ఒకసారి," అంది.

అమ్మమ్మ కళ్ళజోడు తీసి మడిచింది. "ఏమండీ, ఒకసారి ఇటు రండి."

తాతయ్య వచ్చాడు. పటం చూసి వెనక్కి తిరగబోయాడు.

"ఆగండి. రెండు వందల పన్నెండు సార్లు ఆవిడ గడియారం చూపించుకోవడానికి వచ్చిందా, మిమ్మల్ని చూడ్డానికి వచ్చిందా?"

"గడియారానికే."

"ఎన్ని గడియారాలున్నాయేం ఆవిడకి?"

"ఒకటే," అన్నాడు తాతయ్య. అనకుండా ఉండాల్సింది.

టీచరమ్మను తీసేసి మళ్ళీ ముద్రిస్తే గొడవ సద్దుమణుగుతుందని మనవరాలికి తోచింది. తీసేసింది. ఒకరు పోతే వెనకున్నవాళ్ళు పెరిగి ఆ చోటు నింపుతారన్నది ఆ కంగారులో గుర్తు రాలేదు. కొత్త పటంలో నర్సమ్మ నిండుగా కూర్చుని ఉంది. ఆమెను తీస్తే బేకరీ ఆవిడ వచ్చింది.

"ఇంకా ఎంతమంది ఉన్నారే లోపల?" అంది అమ్మమ్మ. "వరసగా రానీ, చూస్తాను."

"మగవాళ్ళూ ఉన్నారమ్మమ్మా. ఇదిగో, బస్సు డ్రైవరు."

"డ్రైవరు సంగతి నాకెందుకు?"

పదిన్నరైంది. అనుమతి పత్రం ముందు పెడితే తాతయ్య కలం ముట్టుకోలేదు. "ఇది బయట పెట్టడానికి వీల్లేదు," అన్నాడు.

"విన్నావుగా," అంది అమ్మమ్మ.

"ఏముంది తాతయ్యా ఇందులో? నాకిది ఆఖరి అవకాశం."

"ఏమీ లేదు," అన్నాడాయన. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అమ్మమ్మ ఫోను తీసింది. టీచరమ్మది పక్క వీధి. "మీ గడియారం గురించి మాట్లాడాలి, ఒకసారి రండి," అని పెట్టేసింది. తాతయ్య చెప్పులు వెతుక్కున్నాడు. అమ్మమ్మ అప్పటికే వాటిని తీసి లోపల పెట్టింది.

టీచరమ్మ పదకొండున్నరకు వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. దుప్పటిలో చుట్టిన గోడగడియారం చంకలో ఉంది. ఆయాసపడుతూనే దాన్ని తాతయ్య చేతుల్లో పెట్టింది.

"ఇవాళైనా బాగవుతుందా అన్నయ్యగారూ? దుకాణం మూసేశారుగా, నేను ఆశ వదిలేసుకున్నాను."

"రెండు వందల పన్నెండు సార్లు వచ్చారట," అంది అమ్మమ్మ.

"అన్నే అయ్యాయా? ఒక్కసారికే బాగైతే రెండోసారి ఎందుకొస్తాను వదినగారూ?"

మనవరాలు పటం వైపు చూసింది, తాతయ్య వైపు చూసింది. "అయితే తాతయ్యా, ఈ పుస్తకాల్లో ఉన్నవాళ్ళంతా..."

"బాగైన గడియారానికి చీటీ కట్టి ఇచ్చేసేవాణ్ణి," అన్నాడు తాతయ్య, గోడకేసి చూస్తూ. "తిరిగొచ్చినదాన్నే పుస్తకంలో రాసేవాణ్ణి. బాగైనవి గుర్తుండక్కర్లేదు కదా."

అంత పనివాడు చుట్టుపక్కల లేడని పేరున్న మనిషి. ఆయన చేతిలో బాగుపడనివన్నీ రంగురంగుల సున్నాలై బల్ల మీద పరిచి ఉన్నాయి.

అమ్మమ్మ మూలనున్న తన ఆవగింజంత సున్నా మీద వేలు పెట్టింది. "మరి నాది ఒక్కసారేనేం? వంటింటి గడియారం ఇప్పటికీ ఇరవై నిమిషాలు వెనకే నడుస్తోంది."

"నువ్వు మళ్ళీ చెప్పలేదు."

"చెప్పి ఏం లాభం? కలుపుకుని చూసుకుంటున్నాను."

పన్నెండుకు పది నిమిషాలుంది. మనవరాలు 'స్నేహాలు' కొట్టేసి 'ఓటములు' అని రాసింది. తీసేసిన ఆడవాళ్ళందర్నీ వెనక్కి తెచ్చింది.

"ఇది ఎవరెవరు చూస్తారు?" అన్నాడు తాతయ్య.

"ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు."

"పెట్టండి సంతకం," అంది అమ్మమ్మ. "పొద్దున నేననుకున్నదానికన్నా ఇది నయం."

ఆయన రెండు చెడ్డపేర్లనూ పక్కపక్కన పెట్టి కాసేపు తూచుకున్నట్టున్నాడు. సంతకం పెట్టాడు. దరఖాస్తు గడువుకు రెండు నిమిషాలుండగా వెళ్ళింది.

పటాన్ని పక్కకు జరిపి నలుగురూ ఆ బల్ల దగ్గరే భోజనానికి కూర్చున్నారు. అమ్మమ్మ అడగకుండానే తాతయ్యకు మారు వడ్డించింది. తిన్నంతసేపూ టైమెంతయిందని ఎవరూ అడగలేదు.