ఏడో ప్రయోగం జోలికి పోకండి

పాఠకులారా, కంప్యూటర్ పాఠాల్లో తప్పులు దిద్దేవాళ్లను వెంటనే అదుపులో పెట్టాలి! ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ట్యుటోరియల్‌లో చిన్న తప్పు ఒకటి ఉందనుకోండి. ఉంటే మీ సొమ్మేం పోయింది? ఆ తప్పు చలవతో ఎంతమంది సుఖంగా బతుకుతున్నారో మీకు తెలుసా?

నమ్మకపోతే వీరభద్ర సార్‌ని అడగండి. మైదుకూరు రోడ్డులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన లెక్చరర్. కాలేజీ పేరు చెప్పను, పాపం ఈ మధ్యే కొత్త బోర్డు రాయించుకున్నారు. ఆయన చెప్పేది వెబ్ ఏపీఐ ఫ్రేమ్‌వర్క్. మనం ఫోన్లో ఏదో అడిగితే ఎక్కడో ఉన్న కంప్యూటర్ జవాబు పంపుతుంది కదా, అలా జవాబిచ్చే ప్రోగ్రాం రాయడానికి తయారుగా దొరికే సరంజామా అన్నమాట.

ఏడేళ్ల కిందట సార్ ఒక ట్యుటోరియల్‌ని ఉన్నదున్నట్టు దించి, ల్యాబ్ మాన్యువల్‌గా అచ్చు వేయించారు. ఏడో ప్రయోగంలో మాత్రం సొంత బుర్ర వాడారు. ట్యుటోరియల్‌లో ఎవరో పిజ్జా గురించి అడుగుతుంటే, దాన్ని కొట్టేసి మైదుకూరు నుంచి మహానందికి బస్సు ఎన్నింటికని అడిగించారు. జవాబు ఉదయం ఆరున్నర.

ఆ ప్రయోగంలో ట్యుటోరియల్ నుంచి వెంట వచ్చిన పొరపాటు ఒకటుంది. నాలుగో స్టెప్‌లో ఫైలును ఒక పేరుతో సేవ్ చేయమంటుంది. ఐదో స్టెప్‌లో ఇంకో పేరుతో రన్ చేయమంటుంది. చేస్తే అలాంటి ఫైలే లేదని కంప్యూటర్ మొరాయిస్తుంది.

అయినా ఏడేళ్లలో నాలుగువందల ఇరవై మంది ఆ ప్రయోగాన్ని రికార్డు పుస్తకాల్లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. అందరికీ జవాబు ఆరున్నర అనే వచ్చింది! కింద స్కేలుతో గీత గీసి ‘ఫలితం సరిచూడబడినది’ అని కూడా రాశారు. సీనియర్‌ది చూసి జూనియర్, ఆ జూనియర్‌ది చూసి ఇంకో జూనియర్. ఒకడైతే తొందరలో సీనియర్ పేరు, హాల్‌టికెట్ నంబరు కూడా దించేశాడు. సార్ దానికీ సంతకం పెట్టారు. ఇంతటి ఐకమత్యం దేశంలో ఇంకెక్కడైనా చూశారా?

ఈ ప్రశాంతతను క్రిస్టినా అనే మూడో సంవత్సరం అమ్మాయి పాడుచేసింది. రాజంపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన పిల్ల. ఆమె చేసిన ఘోరమేమిటంటే, హాస్టల్లో పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని ఆ ప్రయోగాన్ని నిజంగానే రన్ చేసింది! రాకపోతే ఊరుకోవాలి కదా? తప్పెక్కడుందో వెతికి పట్టుకుంది. దాన్ని దిద్ది ట్యుటోరియల్ రాసినవాళ్లకు పంపింది. వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? కమిటీ వేయకుండా, సర్క్యులర్ తీయకుండా, సాయంత్రానికల్లా మార్చేసి థాంక్స్ చెప్పారు. వ్యవస్థలు ఇలాగే నాశనమవుతాయి.

అంతటితో ఆగిందా? రికార్డులో కూడా దిద్దిన ఫైలు పేరే రాసి, సంతకానికి పట్టుకొచ్చింది.

“ఏందిమ్మా ఇది? అందరిదీ ఒక తీరుగా ఉంటే నీదొక్కటే వేరేగా ఉండాది,” అన్నారు సార్.

“మాన్యువల్‌లో తప్పుండాది సార్. నేను రన్ చేసి చూసినా.”

“రన్ చేసినావా? ఎవరు చేయమన్నారు నిన్ను? సోమవారం బయట నుంచి ఎగ్జామినర్ వస్తాండాడు. మాన్యువల్‌లో ఉన్నట్టే రాసుకోనిరా. నా సంతకం లేకుంటే పరీక్షకు రానీరు, ఏడాది పోతాది.”

ఏడాది పోతే అమ్మ జీవమ్మకు ఏమని చెప్పాలి? అయినా క్రిస్టినా పుస్తకం వెనక్కి తీసుకోలేదు.

“మీరే ల్యాబ్‌లో ఒకసారి రన్ చేసి చూపీండి సార్. నాది తప్పయితే ఈడనే కొట్టేస్తా.”

సార్‌కి చెమటలు పట్టాయి. మీకు మాత్రమే చెబుతున్నాను, ఆయన కూడా దాన్ని ఎన్నడూ రన్ చేయలేదు. ల్యాబ్ తాళం అటెండర్ కంబన్న దగ్గరుంటుంది. తాళం అడిగేసరికి కంబన్న కంగారుగా లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

“ఇన్‌స్పెక్షన్ వాళ్లు వస్తాండారా సార్?”

తలుపు తీశారు. ముప్పై కంప్యూటర్లు ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని నిద్రపోతున్నాయి. ఇరవై తొమ్మిది లేవలేదు, కిటికీ పక్కది లేచింది. క్రిస్టినా ప్రయోగం మొత్తం టైపు చేసి, ముందు మాన్యువల్‌లో ఉన్న పేరుతో రన్ చేస్తే కంప్యూటర్ మొరాయించింది. తర్వాత దిద్దిన పేరుతో రన్ చేసింది. తెర మీద ఉదయం ఆరున్నర అని వచ్చింది.

ఏడేళ్లుగా తాను చెబుతున్న పాఠం జవాబివ్వడం సార్ చూడడం అదే మొదటిసారి. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా సంతోషమేసింది.

“ఇంకొకసారి చూపీమ్మా,” అన్నారు. చూపించింది. “ఇంకొకసారి.”

వెనక నుంచి కంబన్న తొంగి చూశాడు. “ఆరున్నర బస్సా? దాన్ని ఎత్తేసి మూడేండ్లాయ గదా సార్.”

సార్ రికార్డు మీద సంతకం పెట్టి, ఆ అమ్మాయి పక్కకు కుర్చీ లాక్కున్నారు. “బస్సు టైము యాడ మార్చాలో చూపీమ్మా,” అన్నారు.

చూశారా, ఒక్క తప్పు దిద్దినందుకు ఎంత అనర్థమో! ఇప్పుడు మిగతా పిల్లలు కూడా ల్యాబ్ తెరవమని కంబన్న ప్రాణం తీస్తున్నారు. కవర్లన్నీ తీసేశారు. ఆరో ప్రయోగం కూడా రన్ కాదని తేలిందట. పెద్దలెవరైనా వెంటనే కల్పించుకోవాలి. ఇలాగే వదిలేస్తే ఆ కాలేజీలో చదువు మొదలయ్యే ప్రమాదముంది.