దోమతెరలో రాజనర్సు

తెల్లవారితే ప్రయాణం. గీత పొద్దున్నే లేచి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఆదిలాబాద్ అడవుల్లో జలపాతం చూసి, అక్కడే రెండు రాత్రులు ఉండి రావాలని ఆమె ఆశ. పెళ్లయి ఆరేళ్లయినా, కోరుట్లలోని ఆ ఇల్లు దాటి మొగుడితో ఎక్కడా నిద్ర చేయలేదు. రాజనర్సు దుబాయి నుంచి సెలవు మీద వస్తే చాలు, ఒక చుట్టం లేచిన కుర్చీలో ఇంకో చుట్టం కూర్చునేవాడు. అతను మళ్లీ విమానం ఎక్కేదాకా పొయ్యి ఆరేది కాదు. మొగుడూ పెళ్లాం తీరిగ్గా మాట్లాడుకున్న మాటలన్నీ ఫోనులోవే. నాలుగేళ్ల బిడ్డ సహస్రకైతే తండ్రంటే ఇప్పటికీ ఫోనే. ఈసారి పాత కంపెనీ వదిలేసి కొత్త వీసా మీద పోతున్నాడు. మళ్లీ ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. అందుకే ఆ రెండు రాత్రుల కోసం, అతను దిగిన రోజు నుంచీ గీత పోరు పెట్టి ఒప్పించింది.

చాయ్ తాగుతూ అత్త దేవవ్వ అడ్డుపుల్ల వేసింది.

"అడివిల దోమలు కుడితె మలేరియా అత్తదట. టీవీల జెప్పిండ్రు. అచ్చే వారమే మెడికల్ వెట్టుకొని గీ సోకులేందిరా?"

రాజనర్సు చాయ్ కప్పు కింద పెట్టాడు. హైదరాబాదులో జరిగే ఆ పరీక్షలో అన్‌ఫిట్ అని తేలితే వీసా పోయినట్టే.

"నిజమేనే గీతా. ఒక్క దోమ కుట్టిందనుకో..."

"ఒక్కటి గూడ కుట్టది. నేను జూసుకుంట గద."

చూసుకోవడమంటే మామూలుగా చూసుకోలేదు. జగిత్యాల నుంచి పెద్ద దోమతెర తెప్పించింది. దోమల చుట్టలు, ఒంటికి రాసే క్రీము, ముగ్గురికీ నిండు చేతుల బట్టలు సంచిలో పెట్టింది. అయినా దేవవ్వ "ముందుగాలనే గోలీ ఏసుకుంటె అయిపోవు" అని సణుగుతుంటే వాడకట్టు ఆశా వర్కర్ సుజాతను పిలిచింది.

"జరమే లేనోనికి గోలీ ఎట్ల ఇస్త?" అంది సుజాత. "కావల్నంటె ఒక సుక్క రక్తం దీసి చూస్త. ఏం లేదని తెలిస్తె అత్తమ్మకు నిమ్మలమైతది."

గీతకు ఆ మాట నచ్చింది. ఆ లోపు, చిరుగులేమైనా ఉన్నాయేమో చూద్దామని, వాకిట్లో మంచానికి కొత్త దోమతెర కట్టింది. దుబాయిలో ఆకాశమంత ఎత్తున నిలబడి ఇనుము కట్టే రాజనర్సు, సూది కనబడగానే మొహం పక్కకు తిప్పి "అవ్వా!" అని కేక పెట్టాడు. పరీక్షలో ఏమీ లేదని తేల్చి సుజాత వెళ్లిపోయింది. కళ్లు తిరుగుతున్నాయంటూ అతను దోమతెరలో దూరి, అలాగే నిద్రపోయాడు.

ఎదురింటి భూదేవి చుట్టిన బీడీల చాట పట్టుకుని కార్ఖానాకు పోతూ ఆ కేక విన్నది. వేలి మీద రక్తం చూసింది. కార్ఖానాలో చెప్పవలసింది చెప్పి తిరిగి వస్తూ, తెరలో కదలకుండా పడుకున్న మనిషిని చూసి, తాను చెప్పింది నిజమేనని ఖాయం చేసుకుంది. కాసేపటికి బ్రెడ్డు పాకెట్టుతో వాకిట్లోకి వచ్చింది.

"నర్సూ, ఎట్లున్నది బిడ్డా?"

"నాకేమైంది పెద్దమ్మా? నిద్రవోయిన, అంతే," అని అతను తెరలోంచి కళ్లు నులుముకున్నాడు. నిద్ర కళ్లు ఎర్రగా ఉన్నాయి.

భూదేవి గీతను పక్కకు లాగింది. "దాసుకోరి, దాసుకోరి. మెడికల్ ఉన్నది గద. నా కడుపుల వెట్టుకుంట."

అందరూ కడుపులోనే పెట్టుకున్నారు. ఎవరికి వాళ్లు ఒక్కరికే చెప్పారు. జ్వరమని తెలిసీ చూసిపోకపోతే బతికినన్నాళ్లు మాట పడాలి కాబట్టి, మధ్యాహ్నానికి మెట్‌పల్లి చుట్టాలు బత్తాయిలతో, ఆ వెనకే రాయికల్ వాళ్లు కొబ్బరి బొండాలతో దిగారు. ఏమీ లేదని గీత చెప్పిన కొద్దీ వాళ్లకు అనుమానం బలపడింది. గల్ఫుకు పోయేవాడు రోగం ఉందని ఎందుకు చెప్తాడు?

"సుజాత పరీచ్చ జేసింది. ఏం లేదన్నది!"

"మీ వాడకట్టు పిల్లనే గద. మీరేం జెప్పుమంటె గదే జెప్తది."

పొద్దుగూకే వేళకు, సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఆడబిడ్డ మొగుడు లక్ష్మీరాజం, పెళ్లాం పిల్లలతో సహా ఆటో దిగాడు.

"సాంచాలు బంద్ వెట్టి అచ్చిన చెల్లె. బామ్మర్దికి గింత అయితె ఒక్క ఫోన్ జెయ్యరాదు?"

"ఏం కాలేదన్నా. పొద్దుగాల మేము టూరు పోతున్నం."

లక్ష్మీరాజం జాలిగా నవ్వాడు. "జరమచ్చినోన్ని పట్టుకొని టూరు పోతరా ఎవలన్న? దవాఖానకు పోతున్నమని జెప్పు. నేనేమన్న పరాయోన్నా?"

అల్లుడు వచ్చాక యాట కూర లేకుండా కుదరదు. గీత ఉల్లిగడ్డలు కోసింది. కళ్లలో నీళ్లెందుకని ఎవరూ అడగలేదు.

తెల్లారి, టూరుకు మాట్లాడుకున్న మొగిలి కిరాయి కారు చెప్పిన సమయానికే వచ్చింది. గీత ఇస్త్రీ చీర కట్టుకుని, సంచి పట్టుకుని గడపలో నిలబడింది. దేవవ్వ ఆమె కంటే ముందే కారెక్కింది.

"గింతమంది కండ్లు వడ్డయి నా కొడుకు మీద. ఎములాడ రాజన్న గుడికి అత్తమని మొక్కుకున్న. అటే అక్కాబావలను సిరిసిల్లల దింపినట్టుంటది."

లక్ష్మీరాజం దోమతెర మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. సిరిసిల్లలో దోమలు ఎక్కువట. ముందు సీట్లో రాజనర్సు, ఒళ్లో సహస్ర. అతను వెనక్కి తిరిగి సీట్లు చూశాడు. తర్వాత గీతను చూశాడు.

"జాగ లేదు గదనే. ఎవలన్న సూడనీకె అత్తె ఇంటికాడ మనిషి ఉండాలె. జలపాతం యాడికి పోతది? మల్లచ్చినప్పుడు పోదాం."

ఆ రెండు రాత్రులూ అతను అక్క ఇంట్లో నిద్ర చేశాడు. లేని రోగిని చూడడానికి వచ్చినవాళ్లకు గీత చాయ్ పోసింది. చీకటి పడేవేళ పెరట్లో నీళ్లు పోయే మోరీ పక్కన కూర్చుని గిన్నెలు తోమింది. దోమలు ముసిరితే కొట్టుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

మెడికల్‌లో రాజనర్సు ఫిట్ అయ్యాడు. విమానమెక్కాడు. కొన్నాళ్లకు గీతకు వణుకుతో జ్వరం వచ్చింది. సుజాత రక్తం చూసి ఈసారి నిజంగానే మలేరియా అంది. భూదేవి గోడ మీదుగా తొంగి చూసి, "మీ ఇంటికి మొన్ననే అచ్చి చూసిపోతిమి గద," అని చాట పట్టుకుని పోయింది. మిగతా వాళ్లదీ అదే లెక్క. ఎవరూ రాలేదు.

సాయంత్రం దుబాయి నుంచి ఫోన్ వచ్చింది.

"అవ్వ జెప్పింది. గోలీలు ఏసుకున్నవా? ఇంకా నయం, టూరు పోలే. పోతె అడివిల దోమలు కుట్టి జరం అచ్చేది!"

తన మాటకు తనే నవ్వాడు. ఇటు చలికి గీత పళ్లు టకటక కొట్టుకున్నాయి.

"నవ్వుతున్నవా గీతా? నవ్వు, నవ్వు. నువ్వు గట్ల నవ్వుకుంట ఉంటెనే నాకు ఈడ నిమ్మలం."

గీతకు ఆ పళ్ల మధ్య నాలుక పడకుండా చూసుకోవడానికే సరిపోయింది.