పూలమడిలో నిమ్మడిప్పలు

ఆ ఉదయం బైండరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పూలు కోసి ప్రార్థన మందిరంలో ఇచ్చి రావాలి, పొయ్యి మీద జిగురు చిక్కబడేలోపు టిఫిను ముగించాలి. పాత పుస్తకాలకు అట్టలు కట్టడం ఆయన వృత్తి. ముందుగది ఆ పనికి పోయింది. గుమ్మం పక్కనున్న పూలమడి మాత్రం దేవుడిది. ఆ మట్టిని రోజూ తవ్వి, రాళ్లేరి, జల్లించిన పిండిలా ఉంచుతాడు. ఆ మెత్తదనం వీధిలోని పిల్లులకు కూడా నచ్చింది.

మొక్క మొదట్లో చెయ్యిపెట్టిన బైండరు, ఆ చేతిని అలాగే గాల్లో నిలిపి, "ఇదిగో, నీళ్లు పట్రా!" అని కేకేశాడు.

"మళ్లీనా?" అంది భార్య లోపలినుంచి. "నిన్న మందిరం పెద్దాయన ఏమన్నాడో మర్చిపోయారా?"

మరిచిపోయే మాటా అది? పెద్దాయన బుట్టను ముక్కు దగ్గరికి తీసుకుని, వెంటనే దూరం పెట్టి, "మడి శుభ్రం చేశాక తీసుకురండి అన్నయ్యా. అంతవరకు దేవుడు ఓపిక పడతాడు" అన్నాడు. దేవుడు పడతాడు, అందులో అనుమానం లేదు. కానీ కుండీల్లో గులాబీలు పెంచే పోస్ట్‌మాన్ అప్పుడే కొత్త బుట్ట కొన్నాడట. పెళ్లయిన ఏడాది నుంచి ఆ మందిరానికి పూలు బైండరువే. ఆ భాగ్యం పిల్లుల పాలు కావడం ఆయన తట్టుకోలేకపోయాడు.

"కారం చల్లితే సరి" అన్నాడు టిఫినుకు వచ్చిన బావమరిది. అతనికి తెలియని విషయం లేదు, చేతనైన పని లేదు.

"నోరులేని జీవాల కళ్లు మండించి, ఆ పూలు దేవుడికిస్తానా?"

"అయితే జుట్టు వెయ్యి బావా. మనిషి వాసనంటే వాటికి హడల్."

భార్య నిమ్మడిప్పలు అంది. ఆ పులుపు వాసన పిల్లులకు గిట్టదట. దారిన పోతున్న తాపీమేస్త్రి ఇటుకపొడి అన్నాడు. గరుకు నేల మీద పిల్లి కూర్చోదట. ఎవరి మాట తీసేసినా నొచ్చుకుంటారని బైండరు అన్నీ పాటించాడు. జ్యూసుకొట్టు నుంచి బకెట్టుడు డిప్పలు, మంగలి దగ్గర్నుంచి సంచెడు జుట్టు తెచ్చి మడి నిండా పరిచాడు. పైన ఎర్రగా ఇటుకపొడి చల్లి, చుట్టూ పుల్లలు పాతి, పుస్తకాలు కుట్టే ఎర్రదారం కట్టాడు. తర్వాత స్నానం చేసి, అలవాటు ప్రకారం మడి పక్కన పీట వేసుకుని, కళ్లు మూసి ప్రార్థన మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి టీచరమ్మ బట్టలారేయడానికి గోడ దగ్గరికి వచ్చింది. కోసిన నిమ్మకాయలు, జుట్టు, ఎర్రపొడి, ఎర్రదారం కనిపించాయి, వాటి నడుమ పెదాలు కదుపుతున్న మనిషి. తడి దుప్పటి అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది.

"అత్తయ్యా! పక్కాయన చేతబడి చేస్తున్నాడు!"

"అందరికంటే భక్తిపరుడు కదే?"

"అందుకే మనకిన్నాళ్లూ తెలీలేదు! ఆ జుట్టెవరిదనుకున్నారు? మీ అబ్బాయి నిన్నేగా కటింగ్ చేయించుకున్నాడు!"

గదిలోంచి ఆ అబ్బాయి, అంటే టీచరమ్మ మొగుడు, తుమ్మాడు. ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది. తుమ్మిన మనిషి సెలవు పెట్టి దుప్పటి ముసుగేశాడు. మధ్యాహ్నానికి వార్త వీధి చివరకు చేరింది. సాయంత్రానికి మంగలి బైండరు గేటు దగ్గరికి వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా నిలబడ్డాడు.

"అయ్యా, నా కుర్చీలో ఈగ కూడా కూర్చోవట్లేదు. కత్తిరించిన జుట్టు పొట్లం కట్టి ఇమ్మంటున్నారు. మీరేం చేశారయ్యా?"

"పిల్లుల కోసమయ్యా!"

"పిల్లుల మీద కూడా చేస్తారా?" అంటూ మంగలి వెనక్కి నడిచాడు.

టీచరమ్మ అత్తగారు మాత్రం అనుభవశాలి. "అలాంటివాళ్లతో గొడవ పెట్టుకోకూడదు. గుమ్మం ముందు పాలు పెడితే కోపం చల్లారుతుంది" అంది. ఆ విద్య ఆమెకు ఎవరు నేర్పారో ఎవరూ అడగలేదు. మర్నాటి ఉదయానికి బైండరు గేటు ముందు గిన్నెలు బారులు తీరాయి. వాటి వెనుక వీధిలోని పిల్లులన్నీ బారులు తీరాయి.

మడిలో మాత్రం ఒక్క మచ్చ లేదు. ఆ మర్నాడూ లేదు. డిప్పలు ఎండాయి, జుట్టు గాలికి పోయింది, అయినా మడి శుభ్రంగానే ఉంది. "చూశావా, దేవుడి దయ" అన్నాడు బైండరు.

"పాల దయ" అంది భార్య. "తిండి దొరికేచోట పిల్లి పాడుచేయదు. ఆ మాత్రం బుద్ధి దానికుంది."

ఆ ఆదివారం మందిరం పెద్దాయన నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. గేటు బయటే నిలబడి, "అన్నయ్యా, చేతబడి చేసిన మడి పూలు మాకొద్దు. పోస్ట్‌మాన్‌కి చెప్పేశాం" అన్నాడు.

బైండరు అసలు సంగతి చెప్పకపోతే మందిరం దక్కదు. చెబితే పాలు ఆగిపోతాయి. భయంతో వచ్చే పాల వల్ల శుభ్రపడిన పూలు దేవుడికి పనికొస్తాయా అని కాసేపు ఆలోచించాడు. పనికిరావనే తోచింది. గేటు తీసి, ఆ సందడికి పోగైన టీచరమ్మ, మంగలితో సహా అందరినీ మడి దగ్గరికి పిలిచి, బావమరిది నుంచి మేస్త్రి దాకా ఎవరే చిట్కా ఇచ్చారో పూసగుచ్చినట్టు చెప్పాడు.

"మొదట మడి పాడుచేసిందెవరి పిల్లి?" అని అడిగింది టీచరమ్మ.

"మీదేనమ్మా."

టీచరమ్మ ఆకాశం వైపు చూసింది. ముందుగా మంగలి నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఎవరి గిన్నె వాళ్లు వెతుక్కుని పట్టుకుపోయారు. పెద్దాయన బైండరు పూలబుట్ట వాసన చూసి, కళ్లకద్దుకుని తీసుకున్నాడు. పోస్ట్‌మాన్ బుట్టలో అతని భార్య ఉల్లిపాయలు పోసుకుంది.

మర్నాడు ఉదయం బైండరు మొక్క మొదట్లో చెయ్యిపెట్టి, ఆ చేతిని అలాగే గాల్లో నిలిపాడు.

"నిజం చెప్పారుగా, అనుభవించండి" అంటూ భార్య చెంబుతో నీళ్లు, రెండో చేత్తో ఒక గిన్నె తెచ్చింది.

ఇప్పుడా ఇంట్లో కాగిన పాలలో మొదటి గిన్నె పూలమడి దగ్గరికే వెళుతుంది. దేవుడి వంతు ఆ తర్వాత వస్తుంది. ఆయన ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.