మీసానికి సగమే రంగు

ఆ ఆదివారం సూపర్నెంటు గారికి ఉన్న పని ఒక్కటే. సెలూన్‌కి వెళ్ళి మీసానికి రంగు వేయించుకుని, బావ బస్సు దిగేలోగా ఇంటికొచ్చి, హాల్లో పేపరు పట్టుకుని కూర్చోవాలి. బావ లోపలికి వచ్చాక ఆ పేపరు కిందికి దించాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

బావ అంటే ఆయన భార్యకి స్వయానా అన్నయ్య, బళ్ళో డ్రిల్లు మాస్టారు. రెండేళ్ళ క్రితం సెలవుల్లో క్యారమ్స్ ఆడుతూ ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. ఎర్రకాయ వేసినవాడు వెంటనే ఇంకో కాయ కూడా వెయ్యాలి కదా. వేశానని సూపర్నెంటు గారు. ఆ కాయ గుంట అంచున ఆగిపోతే నీ మోచెయ్యి తగిలి పడిందని డ్రిల్లు మాస్టారు. క్యారమ్ బోర్డు అటకెక్కింది. దాంతోపాటే మాటలూ అటకెక్కాయి. ఇప్పుడు ఆటల పోటీలకి పిల్లల్ని తీసుకొచ్చిన మాస్టారు ఒక్కపూట చెల్లెల్ని చూసి పోతానని కబురు పెట్టాడు.

"ఈసారైనా ముందు మీరే పలకరించండి. మీ సొమ్మేం పోదు," అంది భార్య.

తాతలు దిగొచ్చినా ముందు తను నోరు విప్పేది లేదనీ, కావాలంటే మీసానికి రంగు వేసుకుంటాననీ సూపర్నెంటు గారు బేరం పెట్టారు. దొరికిందే చాలనుకుని ఆవిడ సెలూన్‌కి పంపింది.

సెలూన్ రెండు వీధుల అవతల ఉంది. వీధి వైపు గోడంతా గాజు అద్దం, లోపల రెండు కుర్చీలు, ఒక బెంచీ. నీటి సరఫరా ఆఫీసులో పనిచేసే సూపర్నెంటు గారు బదిలీ మీద ఈ ఊరొచ్చి ఏడాది కాలేదు. ఇక్కడ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళూ లేరు, నిలబెట్టి మాట్లాడేవాళ్ళూ లేరు. బార్బరు ఆయన మెడ చుట్టూ తెల్లగుడ్డ బిగించి, ఎడమవైపు మీసం నిగనిగలాడేలా నల్లగా చేసి, కుడివైపు కోసం బ్రష్షు గిన్నెలో ముంచి పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

మడత స్టూళ్ళు, అట్టలు, పెన్సిళ్ళు పట్టుకుని జనం బిలబిలమంటూ లోపలికి వచ్చేశారు. వాళ్ళకి పెద్దదిక్కు ఒక లైబ్రేరియన్ గారు. ఉద్యోగమంతా నిశ్శబ్దంలో చేసిన మనిషి కాబట్టి ఆవిడ గొంతు కాగితం తిప్పిన చప్పుడుని మించదు. తామంతా ప్రతి ఆదివారం ఊళ్ళో ఏదో ఒకచోట కలిసి, ఎదురుగా కనిపించింది గీసుకుంటామని చెప్పింది. గీయడం వచ్చి ఉండాలన్న నియమమేమీ లేదంది. ఈవారం పార్కుకి వెళ్తే అక్కడ బల్లలకి రంగులేస్తున్నారనీ, అభ్యంతరం లేకపోతే ఇక్కడ కూర్చుంటామనీ అడిగింది.

బార్బరు జీవితంలో ఎవరూ అడగని ప్రశ్న అది. ముఖం మతాబులా వెలిగింది. అద్దంలో చూసుకుని తన జుట్టు తనే సవరించుకున్నాడు.

"ఇప్పుడెలా ఉన్నారో అలాగే ఉండండి చాలు," అంది లైబ్రేరియన్ గారు. "ఆ చెయ్యి కూడా."

బ్రష్షు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

తనకి పని ఉందని చెప్పడానికి సూపర్నెంటు గారు నోరు తెరిచారు. ఈలోగా డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఒక నర్సు ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. "మీ ముఖం ఎంత బాగుందో సార్. ఆ నుదుటి మీద గీతలు గీయాలంటే అదృష్టం ఉండాలి," అంది. సూపర్నెంటు గారు నోరు మూసుకున్నారు. పెళ్ళినాడు ఫోటో తీసినవాడు కూడా గడ్డం పైకెత్తమన్నాడే గానీ బాగుందనలేదు. కాసేపే కదా అనుకున్నారు.

గదంతా పెన్సిళ్ళ గరగర తప్ప ఇంకో చప్పుడు లేదు. అందరూ ఆయన్ని చూస్తున్నారు, కాగితం చూస్తున్నారు, మళ్ళీ ఆయన్ని చూస్తున్నారు. అందులో తప్పు పట్టే చూపు ఒక్కటీ లేదు, సంతకం కావాలన్న చూపూ లేదు. చెవి ఎంత కష్టమో అని ఒకావిడ పక్కావిడతో గుసగుసగా చెప్పుకుంది. తన చెవి గురించి ఇద్దరు మాట్లాడుకుంటున్నారంటే సూపర్నెంటు గారికి ఒళ్ళు పులకరించింది. ఎప్పటినుంచో బిగుసుకుపోయి ఉన్న భుజాలు వాటంతటవే కిందికి జారాయి. గుడ్డ కింద చొక్కా జేబులో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. నర్సు అప్పుడే కళ్ళు మొదలుపెట్టింది. ఆయన కదల్లేదు.

ఇంట్లో ఆయన భార్యకి కాలూ చెయ్యీ ఆడడం లేదు. అన్నయ్య బస్సు దిగానని ఫోను చేశాడు, ఈయన చూస్తే ఫోను ఎత్తడం లేదు. బజారుకి బయల్దేరిన పక్కింటి పిన్నిగారిని, దారిలో సెలూన్‌లోకి ఒకసారి తొంగి చూడమని బతిమాలింది.

పిన్నిగారికి చూపు కొంచెం మందం, ఊహ బాగా చురుకు. సెలూన్ గుమ్మం నిండా స్టూళ్ళు ఉండడంతో ఆవిడ బయటినుంచే అద్దానికి ముక్కు ఆనించి చూసింది. సూపర్నెంటు గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. మెడదాకా తెల్లగుడ్డ కప్పి ఉంది. మూతి ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా ఉంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ రెప్ప పడడం లేదు. చుట్టూ జనం మూగి, ఆయన్నే చూస్తూ ఏదో రాసుకుంటున్నారు.

లోపల చోటు చాలక ఒక బస్సు కండక్టరు బయట అరుగు మీద కూర్చుని గీస్తున్నాడు. ఆయనకేమైంది నాయనా అని పిన్నిగారు అడిగింది. కండక్టరు కాగితం మీదనుంచి తల ఎత్తలేదు.

"ఇంకాసేపట్లో అయిపోతుందమ్మా," అన్నాడు. "అప్పటిదాకా ఉంటే చాలు. మధ్యలో వెళ్ళిపోతాడేమోనని మా భయం."

పిన్నిగారు బజారు సంచీ అక్కడే పడేసి వెనక్కి పరిగెత్తింది. దారిలో ఎదురైన ప్రతివాళ్ళకీ పక్షవాతమని చెప్పింది. ముఖం ఒక పక్క తెల్లగా పాలిపోయిందనీ, దగ్గరున్నవాళ్ళు ఆఖరి మాటలు రాసుకుంటున్నారనీ చెప్పింది. కాలనీ సెక్రటరీ ఉన్నపళంగా ఆంబులెన్సుకి ఫోను చేశాడు. చేసినవాడు ఊరుకోక, వీధి చివరి డాక్టరు గారిని నిద్రలేపి, బీపీ మిషన్ చేతికిచ్చి తోలాడు.

డ్రిల్లు మాస్టారు అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. పిన్నిగారు రొప్పుతూ వచ్చి, "ధైర్యం తెచ్చుకోవాలమ్మా," అని మొదలుపెట్టింది. ఆ మాట తర్వాత ఇంకేం విన్నా ధైర్యం రాదు. సంగతి సగం వినేసరికే అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ వీధిలో పడ్డారు. మాస్టారి మెడలో విజిల్ ఉండనే ఉంది. అది ఊదుకుంటూ పరిగెత్తాడు. సైకిళ్ళు పక్కకి తప్పుకున్నాయి, బండి మీద వెళ్ళేవాళ్ళు బండి దిగారు, ఏమిటో తెలియకపోయినా ఆత్రం ఆపుకోలేక కొంతమంది వెనకాల పరిగెత్తారు. ఆ పరుగులో మాస్టారి కళ్ళముందు కనిపించింది ఒక్కటే. వెధవది, ఒక చెక్కకాయ. దానికోసం రెండేళ్ళు.

సెలూన్ తలుపు దభాలున తెరుచుకుంది. మాస్టారు స్టూళ్ళు దాటుకుని వచ్చి, కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూలబడి, గుడ్డ కింద చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"బావా, నేను బావా," అన్నాడు. ఎంతోమంది పిల్లల్ని వరసలో నిలబెట్టిన గొంతు అప్పుడు వణికిపోయింది. "ఆ ఎర్రకాయ నీదే. ఆట నీదే. నువ్వు లే, చాలు."

సూపర్నెంటు గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏది చేసినా మూతి కదులుతుంది. నర్సు అప్పుడు పెదవుల దగ్గరుంది. అందుకని ఆయన కళ్ళతో మాత్రమే బావని చూశారు. ఆ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి భార్య బావురుమంది.

లైబ్రేరియన్ గారు ఆవిడ దగ్గరికి వచ్చి, చెవిలో నెమ్మదిగా, "ఏడవండమ్మా, పర్వాలేదు. కాస్త ఎడంవైపు జరిగి ఏడుస్తారా, వెలుతురుకి అడ్డం వస్తున్నారు," అంది.

ఈలోగా డాక్టరు గారు చేరుకుని, ఎవరు ఏం చెప్పినా వినకుండా సూపర్నెంటు గారి చేతికి పట్టీ చుట్టారు. మిషన్ చూశారు. నమ్మకం కలగక మళ్ళీ చుట్టి చూశారు. పోయిన నెల తన దగ్గరికి వచ్చినప్పుడు కొండెక్కి కూర్చున్న బీపీ ఇప్పుడు పసిపిల్లాడికున్నట్టుంది. ఏం మందు వాడారని అడిగారు.

"ఏం లేదండీ, ఊరికే కూర్చున్నాను," అన్నారు సూపర్నెంటు గారు, పెదవులు వీలైనంత తక్కువ కదిపి. "వీళ్ళంతా చూశారు."

ఆ మాట వినగానే డ్రిల్లు మాస్టారు మోకాళ్ళ మీదనుంచి లేచాడు. ముఖం కందగడ్డలా అయింది. పోతున్నావనుకుని ఇచ్చాను గానీ, నిక్షేపంలా ఉన్నవాడికి ఎర్రకాయ ఇచ్చే ప్రసక్తే లేదన్నాడు. ఇంతమంది సాక్షుల ముందు ఇచ్చింది వెనక్కి పోదని సూపర్నెంటు గారు అన్నారు. రెండేళ్ళ తర్వాత బావలిద్దరూ మాట్లాడుకుంటున్నారని అక్కడ గమనించింది ఒక్క భార్యే. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది.

అరుపులు ముదిరేలోగా లైబ్రేరియన్ గారు మాస్టారి చేతిలో ఒక అట్ట, పెన్సిలు పెట్టింది. వచ్చినవాళ్ళు ఊరికే నిలబడకూడదనీ, ఎదురుగా ఉన్నది గీయాలనీ చెప్పింది. ఆ గొంతులో ఏముందో గానీ, ఊరందరికీ ఆజ్ఞలిచ్చే మాస్టారు బుద్ధిగా బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనే చెల్లెలికీ ఒక కాగితం ఇచ్చారు. పిన్నిగారు అడిగి మరీ తీసుకుంది. డాక్టరు గారు తన చీటీల పుస్తకం వెనకవైపు తిప్పారు. విజిల్ విని వచ్చినవాళ్ళు ఎక్కడ చోటు దొరికితే అక్కడ చతికిలబడ్డారు.

గీయాలంటే చూడాలి. మాస్టారు చూశాడు. కణతల దగ్గర జుట్టు పల్చబడింది. కళ్ళ కింద సంచులు వచ్చాయి. నవ్వినప్పుడు పడే గీతలు, నవ్వనప్పుడు కూడా పోకుండా ఉండిపోయాయి. రెండేళ్ళలో ఇంత మారాడా అనుకున్నాడు. ముక్కు గీశాడు, బంగాళాదుంపలా వచ్చింది. చెరిపి మళ్ళీ గీశాడు. "కొంచెం ఇటు తిరుగు బావా," అన్నాడు. తనేమన్నాడో తనకే తెలియలేదు. సూపర్నెంటు గారు చెప్పిన వైపు తిరిగారు.

అప్పుడు వచ్చింది ఆంబులెన్సు. డ్రైవరు, ఇంకొకాయన స్ట్రెచర్ మోసుకుని లోపలికొచ్చి, ఎవరిని ఎక్కించాలని అడిగారు. ఎవరినీ అక్కర్లేదని చెబుతుండగానే, ఇంతసేపూ ఎవరి దృష్టిలోనూ పడని బార్బరు నిట్టనిలువునా ఒరిగిపోయాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కి మొద్దుల్లా అయ్యాయి. డాక్టరు గారు పరుగున వచ్చి చూసి, కండరాలు పట్టేశాయనీ, భయం లేకపోయినా ఆసుపత్రిలో చూపించడం మంచిదనీ అన్నారు. స్ట్రెచర్ మీద పడుకోబెడితే బ్రష్షు పట్టుకున్న చెయ్యి జెండాకర్రలా పైకి లేచి ఉంది. తలుపులోంచి పోవడానికి దాన్ని కాస్త వంచబోయారు.

"వంచకండి," అన్నాడు బార్బరు నీరసంగా. "మేడమ్‌గారిది ఇంకా పూర్తవలేదు."

ఆంబులెన్సు వెళ్ళిపోయింది. సూపర్నెంటు గారు అద్దంలోకి చూసుకుంటే మీసం సగం నలుపు, సగం తెలుపు. రంగు వేసేవాడు ఆసుపత్రి దారిలో ఉన్నాడు. ఈ ముఖంతో వీధిలోకి ఎలా వెళ్ళేదని ఆయన అన్నారు. డ్రిల్లు మాస్టారు అట్ట పక్కన పెట్టి లేచి, అలమరలోంచి ఇంకో బ్రష్షు తీసి, గిన్నెలో ముంచాడు.

"ఈ మీసం ఇప్పుడు నీకంటే నాకే బాగా తెలుసు," అన్నాడు. "కదలకు."

సూపర్నెంటు గారు గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మాస్టారు నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క వెంట్రుకే అన్నట్టు రంగు వేశాడు. పెదవి మీద కొంత, బుగ్గ మీద ఇంకొంత పడింది. ఎవరూ నవ్వలేదు. అందరూ గీస్తున్నారు.

చివరికి బొమ్మలన్నీ బెంచీ మీద వరసగా పేర్చారు. ఒక దాంట్లో సూపర్నెంటు గారికి మెడ లేదు. ఒక దాంట్లో రెండు వైపులా మీసం నల్లగానే ఉంది. మనిషి మంచివాడిలా కనిపించాడని గీసినావిడ చెప్పింది. కండక్టరు బొమ్మలో అద్దానికి ముక్కు ఆనించి పిన్నిగారు కూడా ఉంది. అది తనకిచ్చేయమని ఆవిడ కండక్టరు చెయ్యి వదల్లేదు. భార్య గీసిన కాగితంలో సూపర్నెంటు గారి ముఖం సరిగా రాలేదు గానీ, పక్కన వంగి నిలబడ్డ అన్నయ్య వచ్చాడు. ఇద్దరి తలలూ దాదాపు తగులుతున్నాయి. అది చూసి మాస్టారు ముక్కు చీదుకున్నాడు. సూపర్నెంటు గారు కుర్చీ దిగి, లైబ్రేరియన్ గారిని వచ్చేవారం ఎక్కడ కలుస్తారని అడిగారు. డాక్టరు గారూ, సెక్రటరీ, వీధిలో సగం మందీ అదే అడిగారు.

ఆవిడ ఆలోచనలో పడింది. ఇంతమందికి సరిపోయే చోటు ఎక్కడుంటుంది, గీయడానికి కదలకుండా ఉండే మనుషులు ఎవరు దొరుకుతారు?

బార్బరుని వెనక్కి దింపడానికి వచ్చిన ఆంబులెన్సు డ్రైవరు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"మా ఆసుపత్రికి రండి మేడమ్," అన్నాడు. "అక్కడ కదిలేవాళ్ళు తక్కువ."