ఒబద్యా పెల్‌బ్రుక్ పెళ్ళి తేదీ

హారియెట్ పెల్‌బ్రుక్ ఆ శనివారం పొద్దున్నే చేయాల్సిన పనులన్నీ చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. పదింటికి చిక్కుడు గింజల కుండ చర్చికి చేర్చాలి. పన్నెండింటికి ఊరందరి భోజనం. ఒంటిగంటకి చర్చి ముందు గ్రానైట్ రాయి మీది ముసుగు తీయాలి. ఒంటిగంటా ఐదుకి ఏడవాలి, కొద్దిగా, టోపీ చెదరకుండా.

ఆ రాయి కోసం ఆమె ముప్ఫై ఒక్క ఏళ్ళు కష్టపడింది. ఓడల జాబితాలు, వీలునామాలు, నాచు పట్టిన సమాధులు అన్నీ గాలించి తన వంశానికి మూలపురుషుణ్ణి పట్టుకుంది. ఇప్పుడు రాయి మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి: 'వెస్కోట్ గ్రామంలో మొదటి కుటుంబం, ఒబద్యా పెల్‌బ్రుక్, జనవరి 1661'. ఇక ఆచారం ఒక్కటే మిగిలింది. వెస్కోట్‌లో రాయి మీదికి ఎవరి పేరు ఎక్కినా, ఊరి పాత రిజిస్టరులో వాళ్ళ గురించి ఉన్నదంతా గుమస్తా పైకి చదవాలి. ఒక్క ముక్క వదలకూడదు.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఊరి గుమస్తా ఫిలీనా. వయసు ఎనభై, గొంతు మాత్రం ఇరవై.

"అమ్మాయ్, శుభవార్త! బాగుచేయడానికి బోస్టన్ పంపిన రిజిస్టరు నిన్న తిరిగొచ్చింది. అతుక్కుపోయిన పేజీలు విడదీశారు. మీ ఒబద్యా ఈ ఊరొచ్చాక రాయించిన పెళ్ళి తేదీ దొరికింది!"

"ఎప్పుడండీ?"

"పదహారువందల అరవై ఒకటి, మే నెల. పెద్ద కొడుకు పుట్టింది అదే ఏడు ఫిబ్రవరిలో. ముచ్చటగా ఉంది కదూ? మధ్యాహ్నం అంతా చదివేస్తాను."

హారియెట్ ఫోన్ పెట్టేసి వేళ్ళ మీద లెక్క పెట్టింది. మళ్ళీ పెట్టింది. ఎన్నిసార్లు పెట్టినా కొడుకు పెళ్ళికి మూడు నెలల ముందే పుడుతున్నాడు.

"మూడొందల అరవై ఏళ్ళ కిందటి సంగతి. ఇప్పుడెవడికి కావాలే?" అన్నాడు భర్త ఆరిన్, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"అమోస్ స్టర్జ్‌కి కావాలి!"

నిజమే. అమోస్ తమ్ముడికి పెళ్ళైన అయిదో నెలలోనే బిడ్డ పుట్టాడని కనిపెట్టి, ఆరేళ్ళ కిందట అతని పేరును ఊరి పాత కుటుంబాల వంశీకుల సంఘంలోంచి కొట్టేయించింది హారియెట్. 'పెల్‌బ్రుక్‌ల ఇంట్లో ఇలాంటి లెక్కలు ఉండవు' అని నిండు సభలో అంది కూడా.

అయినా ఆమె బెదరలేదు. రిజిస్టరు ఊరి కార్యాలయంలో ఇనప్పెట్టెలో ఉంటుంది. పెట్టె తెరుచుకోకపోతే చదవడానికి ఏమీ ఉండదు. కుండ చంకన పెట్టుకుని సరాసరి అక్కడికే వెళ్ళింది. మేకుకి వేలాడుతున్న తాళంచెవి అందుకుందో లేదో, మెట్ల మీద అడుగుల చప్పుడు. మరో దారి లేక మూత తీసి దాన్ని కుండలో పడేసింది.

వచ్చింది అమోసే. "ఇంత బరువు నువ్వు మొయ్యడమేంటి? ఇలా ఇవ్వు. ఈ రోజు మహారాణివి నువ్వే కదా," అంటూ కుండ లాక్కుని చర్చివైపు వెళ్ళిపోయాడు.

ఆమె తలుపు మూసి, వాకిట్లో ఫిలీనా పలకరింపులు తప్పించుకుని చర్చి నేలమాళిగకి పరుగెత్తేసరికి బల్ల మీద ఏడు కుండలున్నాయి. ఏడూ చర్చి అలమారాలోవే, ఒకే మట్టి రంగు, ఒకే మూత. ఏడింట్లోనూ అవే గింజలు, అదే బెల్లప్పాకం, అవే ఉప్పు పందిమాంసం ముక్కలు.

హారియెట్ పొడుగాటి గరిటె తీసుకుని మొదటి కుండ అడుగుదాకా కలిపింది. తర్వాత రెండోది. మూడో కుండ దగ్గర అమోస్ భార్య లవీనియా పట్టుకుంది.

"నా కుండలో ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదు. ఎందుకో అనుమానంగా ఉంది."

అనుమానం అన్న మాట నేలమాళిగ దాటేసరికి వాసనైంది, వాకిలి దాటేసరికి విషమైంది. పన్నెండింటికి నూట ఇరవై మంది ఖాళీ పళ్ళాలతో గోడవార నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన ముగించి, తనకి ఆకలి లేదని ప్రకటించారు. లవీనియా ఏడుపు అందుకుంది.

"మా ఆవిడ వంటకి వంక పెడతారా? చూడండి!" అమోస్ ఒక కుండలోంచి పళ్ళెం నిండా వడ్డించుకుని, అందరూ చూస్తుండగా పెద్ద చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

కటుక్కుమంది.

దవడ పట్టుకుని, అమోస్ నోట్లోంచి వేలెడు తాళంచెవి తీశాడు.

"నాది! పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను," అంది ఫిలీనా.

హారియెట్ గరిటె కింద పెట్టి తల ఎత్తింది. "తీసింది నేనే. ఒబద్యాకి మేలో పెళ్ళైంది, ఫిబ్రవరిలో కొడుకు పుట్టాడు. ఆ ముక్క మీరెవరూ వినకూడదనే తీశాను. ఇప్పుడు నేనే చెప్పాను కదా, నవ్వుకోండి."

నవ్వింది ఫిలీనా ఒక్కతే. "పిచ్చి అమ్మాయ్! ముప్ఫై ఏళ్ళు పాత కాగితాలు తిరగేశావు, ఇది తెలీదా? ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి ఇరవై అయిదున మొదలయ్యేది. ఫిబ్రవరి ఏడాది చివర వచ్చేది. మేలో పెళ్ళి, తర్వాతొచ్చిన ఫిబ్రవరిలో కొడుకు. నికరంగా తొమ్మిది నెలలు!"

చప్పట్లు మోగాయి. హారియెట్ టోపీ సర్దుకుంది. అమోస్ మాత్రం వేళ్ళు మడుస్తున్నాడు.

"ఆగండాగండి. ఫిబ్రవరి చివరికి పోతే, రాయి మీదున్న జనవరి?"

"అదీ చివరికే," అంది ఫిలీనా, కాస్త నెమ్మదిగా.

"మా మూలపురుషుడు జోనస్ స్టర్జ్ ఊళ్ళోకి వచ్చింది ఆ ఏడు జూన్‌లో! అంటే మొదటివాళ్ళం మేం! రాయి మార్చాల్సిందే!"

హారియెట్ కుర్చీలో కూలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక్క నిమిషంలో కరిగిపోయాయి.

"తప్పకుండా మారుద్దాం. జోనస్ గురించి కూడా అతుక్కుపోయిన పేజీలోనే దొరికింది. రాయి దగ్గర ఉన్నదున్నట్టు చదువుతాను. ముందు నువ్వు చూసుకో," అంటూ ఫిలీనా వెళ్ళి రిజిస్టరు తెచ్చింది. అమోస్ వంగాడు. అతని భుజం మీదుగా హారియెట్ కూడా వంగింది.

'జూన్ 18. జోనస్ స్టర్జ్ పక్క గ్రామపు పాస్టరు గారి పందిని దొంగిలించి, మనుషులెవ్వరూ లేని ఈ అడవిలో దాక్కుని, దాని అరుపుల వల్ల పట్టుబడ్డాడు.'

అమోస్ పేజీ మూశాడు. హారియెట్ అతని చెవిలో అంది: "మీ తమ్ముడి పేరు సోమవారమే సంఘంలో తిరిగి చేరుస్తాను."

అమోస్ గొంతు సవరించుకున్నాడు. "ఆలోచిస్తే జనవరి కూడా మంచి నెలే. ఎందుకొచ్చిన గొడవ! మన హారియెట్ ఎంత కష్టపడిందో కదా."

"మరి అభ్యంతరం లేదా?" అంది ఫిలీనా.

"లేదు లేదు. ఆ పుస్తకం లోపల పెట్టండి."

"సగమే పెడతాను. ఒబద్యాది చదవాలిగా."

ఒంటిగంటకి ముసుగు తొలగింది. ఒంటిగంటా ఐదుకి హారియెట్ అనుకున్నట్టే ఏడ్చింది, అనుకున్నదానికంటే ఎక్కువే, టోపీ చెదిరేలా. తర్వాత ఊరంతా ఆవురావురుమంటూ ఏడు కుండలూ ఖాళీ చేసింది. పందిమాంసం ముక్కలు ఏరి పళ్ళెం అంచున పెట్టింది అమోస్ స్టర్జ్ ఒక్కడే.